నీళ్ల సంగతి ఎవర్నడగాల?

ఫిబ్రవరి వచ్చిందంటే మా లౌడన్ కౌంటీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సినిమా కబుర్లు పలచబడతాయి. ఇంటి విలువ ఎంత పెంచారు, పన్ను రేటు ఎంత పెట్టబోతున్నారు, బడికి ఎంత ఇస్తున్నారు, అంతా ఇదే గోల. 2025కి వంద డాలర్ల విలువ మీద 80.5 సెంట్లు అని తేల్చారు. ఎనిమిది లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 6,440 డాలర్లన్నమాట. అంత కట్టేవాడు ఆ డబ్బు ఎటు పోతోందో అడక్కుండా ఉండలేడు.

వర్జీనియాలో, వాషింగ్టన్‌కి కాస్త పడమరగా ఉంటుంది ఈ కౌంటీ. మన జిల్లా లాంటిదే గానీ పెత్తనం తిరగేసి ఉంటుంది. కలెక్టరు లాంటి పెద్ద అధికారి ఒకాయన ఉంటాడు. ఆయన్ని నియమించేది జనం ఎన్నుకున్న తొమ్మిదిమంది సూపర్‌వైజర్ల బోర్డు. ఏ పొలంలో ఇళ్లు లేవాలి, ఎన్ని లేవాలి, బడికెంత, అగ్నిమాపక కేంద్రానికెంత అన్నది వాళ్లే ఓటేసి చెబుతారు. పన్ను వేసేదీ వాళ్లే కాబట్టి తిట్లు తినేదీ వాళ్లే.

మేముండే ఆష్‌బర్న్ చుట్టూ కిటికీల్లేని పెద్దపెద్ద పెట్టెల్లాంటి డేటా సెంటర్లు. కౌంటీ మొత్తం మీద దాదాపు 200. వాటిలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్ను లేకపోతే మా ఇంటి పన్ను ఎక్కడికి పోయేదో! అందుకే చాలాకాలం నిబంధనలకు సరిపోతే చాలు, బోర్డు ముందుకు రానవసరం లేకుండానే కట్టుకోనిచ్చారు. 2025 మార్చిలో ఆ వెసులుబాటు తీసేశారు. ఇకపై కొత్తగా కట్టాలంటే బహిరంగ విచారణ జరగాలి, బోర్డు ఒప్పుకోవాలి.

ఆ విచారణలు లీస్‌బర్గ్‌లో జరుగుతాయి. ఎవరైనా పేరిచ్చి మాట్లాడొచ్చు. ఓసారి మన గుంటూరు వైపు పెద్దాయన ఒకరు, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నాయన, లేచి నిలబడ్డారు. మెడలో మఫ్లరు, చేతిలో మనవడు రాసిచ్చిన కాగితం. రాత్రిపూట చల్లబరిచే యంత్రాల హోరుకి నిద్ర పట్టడం లేదని చదివారు. సమయం అయిపోయిందని ఎర్ర లైటు వెలిగేసరికి ఇంకా సగం మిగిలే ఉంది. అధ్యక్షురాలు థాంక్యూ అన్నారు, ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. హోరు ఆగిందా అంటే ఆగలేదు. కానీ ఆయన మాట రికార్డుకెక్కింది. రేపు ఆ స్థలం సంగతి మళ్లీ వస్తే ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారు.

ఇదంతా చూసి అమెరికా స్వర్గమని రాయబోవడం లేదు. డేటా సెంటర్లకు కరెంటు తెచ్చే హైటెన్షన్ తీగలు ఇళ్ల మధ్య నుంచి పోతున్నాయని జనం మొత్తుకుంటే, ఆ అనుమతి కౌంటీ చేతిలో లేదు, రిచ్‌మండ్‌లోని రాష్ట్ర కమిషన్ చూసుకోవాలి అన్నారు. చేతులు దులుపుకోవడం అన్ని దేశాల్లోనూ వచ్చిన విద్యే. పైగా నాలాంటి గ్రీన్‌కార్డు వాడికి ఈ బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు. పన్ను మటుకు పూర్తిగా ఉంది. ఇండియాలో ప్రవాస ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు, వేయాలంటే మాత్రం మా త్రిపురాంతకం దాకా పోవాల్సిందే.

మా ఊరు పేరు చెబితే శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి. గుడి నిండా కాకతీయుల నాటి శాసనాలు; ఎవరెవరు ఏ భూమి ఇచ్చారో రాళ్ల మీద కొట్టించి మరీ పెట్టారు. మా తమ్ముడి ఇంట్లో వసారాలో మూడు ఇరవై లీటర్ల క్యాన్లు, పెరట్లో రెండు నీలం డ్రమ్ములు ఉంటాయి. క్యాను నీళ్లు తాగడానికి, డ్రమ్ము నీళ్లు మిగతా వాటికి. పశ్చిమ ప్రకాశంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. నా తరం వాళ్లం నవ్వితే గారపళ్లు. ముసలాళ్లకు నడుములు వంగిపోయాయి.

దీనికి మందు వెలిగొండ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండ కింద 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. పైన పులుల అడవి కాబట్టి చాలావరకు యంత్రాలతో తొలుచుకుంటూ పోవాల్సి వచ్చింది. మొదటిది 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. ఆ మార్చిలోనే జాతికి అంకితం కూడా అయింది. అప్పటికి ముంపు ఊళ్ల వాళ్లకు పునరావాసం పూర్తి కాలేదు. వాళ్లను కదిలించకుండా ఈ ప్రాజెక్టు సొంత జలాశయంలో నీళ్లు నిలపలేరు. ఇల్లు వదలాల్సిన వాడికి చెల్లించకుండా ప్రాజెక్టు అయిపోయిందనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2025 జులైలో మార్కాపురం దగ్గర నరసింహాపురంలో 1,290 కోట్ల రూపాయల తాగునీటి పథకానికి మరో శంకుస్థాపన. మంచిదే. అది ఏ నెలకి మా వీధికొస్తుందో చెప్పేవాళ్లెవరు?

తమ్ముడి బాధ కూడా అదే. "మీకు తిట్టేదానికి తొమ్మిదిమంది ఉండారన్నా. మాకు నీళ్ల సంగతి ఎవర్నడగాల? సర్పంచినడిగితే పైనుంచి రావాలంటాడు, పైవాళ్లనడిగితే పంచాయతీ అంటారు." సర్పంచిని మటుకు ఏమనాలి? కేంద్ర ఆర్థిక సంఘం ఇచ్చే డబ్బులో పెద్ద వాటా నీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నియమం ఉంది. ఆ నిధుల్ని కరెంటు బకాయిల కింద ప్రభుత్వమే జమకట్టుకుంటోందని ఆంధ్రప్రదేశ్ అంతా సర్పంచులు రోడ్డెక్కిన రోజులున్నాయి. చేతిలో పైసా లేనివాడికి మైకిచ్చి లాభమేంటి.

అయినా గ్రామసభను వదలకూడదని నా పట్టుదల. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు. 2025 చివర్లో మా వైపు కొత్తగా మార్కాపురం జిల్లాకి మంత్రివర్గం ఒప్పుకుంది. సోమవారం కలెక్టరుకిచ్చే అర్జీ పట్టుకుని ఒంగోలు దాకా పోయే తిప్పలు తప్పితే అదీ పెద్ద మేలే. కలెక్టరు దగ్గరకొచ్చినంత మాత్రాన లెక్కలు కూడా దగ్గరకొస్తాయని మాత్రం నమ్మను.

పోయిన వారం తమ్ముడు వచ్చే గ్రామసభకి అర్జీ రాసి ఫోటో పంపాడు. ప్రతి బోరుకీ ఫ్లోరైడు పరీక్ష చేసి, ఫలితం నెలనెలా ఊరి సచివాలయం గోడకి అంటించాలని. బాగుందిరా, నీళ్ల పథకానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది కూడా పక్కనే అంటించమని రాయి అన్నాను. "అది మన పంచాయతీలో తెలిసేది కాదన్నా" అని ఆ ముక్క కొట్టేశాడు. నేను మళ్లీ రాసి పంపాను.