ఉంచుదామా, అమ్ముదామా? - డార్చెస్టర్ వీధుల్లో

బోస్టన్ వచ్చిన చుట్టాలను మనం హార్వర్డ్‌కీ, ఓడరేవుకీ తిప్పుతాం. ఈసారి రెడ్ లైన్ రైలెక్కి డార్చెస్టర్‌లోని ఫీల్డ్స్ కార్నర్‌లో దిగండి. వియత్నాం హోటళ్ళు దాటి పక్క వీధుల్లోకి తిరిగితే వరసగా చెక్క ఇళ్ళు కనిపిస్తాయి. ఒకదానిమీద ఒకటి మూడు వాటాలు, చాలావాటికి వాటాకో వసారా. వీటినే ‘ట్రిపుల్ డెక్కర్’ అంటారు.

ఎక్కువ భాగం 1880 - 1930 మధ్య కట్టినవి. వలస వచ్చిన కుటుంబాలు ఒక వాటాలో తాముండి, మిగతా రెండింటి అద్దెతో ఇంటి అప్పు తీర్చుకునేవి. మన ఊళ్ళలో కింద మనం, మేడమీద అద్దెవాళ్ళు ఉన్నట్టే!

పిల్లలు పెద్దవాళ్ళై, తామూ శివార్లకు మారాక యజమానులకు వచ్చే ప్రశ్న ఒకటే. ఉంచుకోవాలా, అమ్మాలా?

ఉంచుకుంటే అద్దె వస్తుంది. స్థలం విలువ పోను, భవనం ఖరీదును 27.5 ఏళ్ళపాటు తరుగుదలగా చూపించుకోవచ్చు. యజమాని తదనంతరం వారసులకు వస్తే ఆనాటి మార్కెట్ విలువే కొన్న ధరగా లెక్క. కానీ నూరేళ్ళ చెక్క ఇల్లు! వసారాలు పుచ్చిపోతాయి, జనవరి రాత్రి బాయిలర్ ఆగిపోతుంది. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగు ఉండొచ్చు. అద్దెకున్నవాళ్ళకు ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఆ ప్రమాదం తొలగించడం మసాచుసెట్స్‌లో యజమాని బాధ్యత.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. అమెరికాలో ‘ఇల్లు అమ్మి చూడు’ అని కూడా చేర్చుకోవాలి. లాభంమీద పన్ను సరే, తీసుకున్న తరుగుదలమీద కూడా 25 శాతం దాకా ఫెడరల్ పన్ను పడుతుంది. 1031 మార్పిడి కింద 45 రోజుల్లో మరో ఆస్తిని ఎంచుకుని, 180 రోజుల్లో కొంటే ఆ పన్ను వాయిదా పడుతుంది. వాయిదాయే, మాఫీ కాదు. కొందరు కాండోలుగా మార్చి వాటాలను విడివిడిగా అమ్మేశారు.

మా కంప్యూటరు వాళ్ళకు అలవాటైన లెక్క ఒకటి చెబుతాను. అప్పులు, పన్నులు పోను అమ్మితే చేతికొచ్చేది 6 లక్షల డాలర్లు, ఖర్చులు పోను ఏటా మిగిలే అద్దె 24 వేలు అనుకోండి. అంటే 4 శాతం. ఇంటి విలువ ఎంత పెరగొచ్చో కూడా కలిపి, ఆ సొమ్ము మరోచోట పెడితే వచ్చేదానితో పోల్చండి.

లెక్కలో కనబడనిది మరొకటుంది. మీకూ ఇలాంటి ఇల్లుంటే, నిర్ణయానికి ముందు పిల్లలను మూడో అంతస్తు దాకా ఎక్కించండి. అద్దెకున్నవాళ్ళను పలకరించనివ్వండి. వాళ్ళలో ఒక్కరైనా “నేను చూసుకుంటాను” అంటే ఉంచండి. ఎవరూ అనకపోతే, ఓపిక ఉండగానే మీరే అమ్మడం మేలు.