రేవు లేని సీమలో తెప్ప మాటలు

మా బాగేపల్లి సీమలో పడవ యనునది బొమ్మలలో చూడవలసిన వస్తువు. చిత్రావతి ఊరి ప్రక్కనే పోవుచున్నను ఏటిలో అధికకాలము ఇసుకయే. నందికొండల యొద్ద పుట్టిన ఉత్తర పినాకిని 597 కిలోమీటర్లు నడచి నెల్లూరు దాటి సముద్రము చేరును. చిత్రావతియు, పాపఘ్నియు ఈ ప్రాంతముననే పుట్టి దానిలో గలియుచున్నవి. నీటికి పుట్టినిల్లు మాది, రేవులు దిగువవారివి.

అయినను తెప్ప, పుట్టి, బల్లకట్టు అను మాటలు మా పెద్దల నోట నిలిచియుండెను. ఇవి ఒకదానికొకటి మారుపేరులు కావు. దుంగలనో వెదుళ్లనో చేర్చి కట్టినది తెప్ప. భద్రాచలపు మన్యమునుండి రాజమహేంద్రవరమునకు కలప గోదావరిపై అట్లే దిగివచ్చెడిది. దారిలో సరకే వాహనము, రేవున కట్లు విప్పినచో వాహనమే సరకు. జత పడవలపై బల్లలు పరచినది బల్లకట్టు. కృష్ణ రేవులలో ఎద్దులు, బండ్లు దానిపైననే దాటెడివి. పుట్టి గుండ్రని బుట్ట. (మా వైపు పుట్టి యనిన ధాన్యపు కొలత. అదియు నిపుడు మరచితిమి.) 1520 ప్రాంతమున విజయనగరము జూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అవి బెత్తపు అల్లికకు తోలు గప్పినవనియు, పదునైదిరువది మందిని మోయుననియు, తిన్నగా పోక గిరగిర తిరుగుననియు వ్రాసెను.

మాకు మిక్కిలి ప్రియమైన మాట సంగడి. జతగట్టిన దోనెలకు అది పేరు, సంగడికాడనిన చెలికాడు. మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథమగు 'పెరిప్లస్' మన తూర్పుతీరమున దుంగలు జతగూర్చిన 'సంగర' అను ఓడలను పేర్కొన్నది. పండితులు ఈ రెంటిని పోల్చి చెప్పుదురు. మా పొరుగు కన్నడిగులు వెంట రమ్మనుటకు 'నన్న సంగడ బా' అందురు. మా పిల్లలు వీథిలో దానిని దినమునకు పదిమారులు పలుకుచును, తమ యింటి తెలుగులోను అది కలదని యెఱుగరు. బడి కన్నడము, కొలువు ఇంగ్లీషు, వారిని నిందింపలేము. కాని వస్తువును చూపక మాటను నిలుపుట యెట్లు?

2021 నవంబరు వానలకు చింతామణి దగ్గఱ మా బంధువుల యూరి చెరువు నిండినది. మోకాలిలోతు నీటిలో మా మనుమడు నాలుగు అరటిబోదెలు కట్టి తేల్చి, దీనిపేరు తెప్ప, ఇది కన్నడమని మాకు నేర్పబోయెను. తెలుగునను తెప్పయే యంటిమి. నమ్మలేదు. వాదము తెగకముందే అది కట్లు విడి, బోదెలు తలకొక దిక్కుగా కొట్టుకొనిపోయెను.