రోడ్డు ఖర్చు ముందు, రంగు ఖర్చు తర్వాత

పాత బండి కొనాలన్న కోరిక పుట్టిన రోజే లెక్కల పుస్తకం తెరవాలి. బండి ఇంటికొచ్చాక తెరిస్తే అందులో రాయడానికి ఖర్చులు తప్ప ఏమీ మిగలవు. కోరుకొండలో మా పెరట్లో రేకుల షెడ్డు కింద 1996 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపును బాగుచేసుకుంటూ వస్తున్నాను. దాన్ని ఏనాడూ పూర్తిగా విప్పి పడేయలేదు. ఒకపక్క నడుస్తోంది, ఇంకోపక్క బాగవుతోంది. ఈ పద్ధతి నా జీతానికి సరిపోయింది, బండికీ మేలు చేసింది. పాత బండి మీద మనసుపడ్డ వాళ్లకు ఉపయోగపడుతుందని ఆ లెక్క ఇక్కడ పెడుతున్నాను.

జీపే ఎందుకు

విడిభాగాలు కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునే కిట్ కార్లు ఒకప్పుడు బ్రిటన్‌లో బాగా నడిచాయి. సరదా ఎంత ఉందో పన్ను లెక్కా అంతే ఉంది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను తయారైన కారుగా కొంటే కొనుగోలు పన్ను పడేది. భాగాలుగా కొని సొంతంగా బిగించుకుంటే పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. మన దేశంలో అలా ఇంట్లో కట్టుకున్న కారుకు రిజిస్ట్రేషన్ దొరకదు. కొత్త నమూనా ఏదైనా ముందు ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షల్లో నెగ్గాల్సిందే.

అయితే పెట్టెల్లో భాగాలుగా వచ్చి ఇక్కడ బండిగా లేచినది మనకూ ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మహీంద్రా వాళ్లు అమెరికా విల్లీస్ జీపులను విడిభాగాలుగా దిగుమతి చేసుకుని బొంబాయిలో బిగించారు. ఆ వంశంలోదే నా ఎంఎం 540. దీనికి పెజో డీజిల్ ఇంజను, 2,112 సీసీ. కంప్యూటర్లు, సెన్సార్లు ఏమీ లేవు. పానాలు, జాకీ, ఓపిక ఉంటే చాలావరకు ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చు. గోకవరం దాటి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ దారుల్లో ఏళ్ల తరబడి జీపులే జనాన్ని మోశాయి. అందుకే మా వైపు జీపు తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. బండి ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసింది ఇదే. చుట్టుపక్కల పనివాడు, సామాను దొరకని మోడల్ ఎంత అందంగా ఉన్నా, దాని ఖర్చు మన చేతుల్లో ఉండదు.

డబ్బు ఎక్కడిది

జీపు కోసం అప్పు చేయకూడదని ముందే అనుకున్నాను. బ్యాంకులో 12 శాతానికి 2 లక్షలు పర్సనల్ లోను తీసుకుని మూడేళ్లలో కడితే నెలకు 6,643 రూపాయలు. మొత్తం మీద వడ్డీయే 39 వేలు దాటుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,000, ఏడాదికి 48,000. అసలు అసలుగానే ఉంటుంది. ఆ వడ్డీతో జీపుకు కొత్త టైర్లు, బ్రేకు సామాను కొన్నాక కూడా డబ్బు మిగులుతుంది.

నా చేతిలో ఉన్నది రెండు లక్షల చీటీ. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకు డిపాజిట్లో వేరుగా ఉంది. ఆరోగ్య బీమా ఉంది. పిల్లల ఫీజుల డబ్బు వేరే ఖాతాలో ఉంది. ఈ మూడూ ముట్టుకోనక్కర్లేదని తేలాకే చీటీ డబ్బు జీపు వైపు తిప్పాను. అందులో 1,40,000 బండికి ఇచ్చి 60,000 పక్కన పెట్టాను. ఆ 60,000 కాగితాలు, బ్రేకులు, స్టీరింగు, టైర్ల కోసం. ఉన్నదంతా బండి ధరకే ఊడ్చి పెడితే మొదటి రిపేరు నాటికే అప్పు గుమ్మంలో ఉంటుంది. అక్కడి నుంచి నెలకు 5,000 జీపు ఖాతాలో వేస్తున్నాను. ఆ నెల పని ఆ ఖాతాలో ఉన్నంతే. డబ్బు లేకపోతే పని వచ్చే నెలకు.

కాగితం బరువు

బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ ఎత్తలేదు. చాసిస్ మీద నంబరు ఉన్నచోట మట్టి గీకి, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాను. ఆర్.సి.లో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం పోల్చాను. ఇంజను నంబరూ అంతే. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో చలాన్లు, ఫైనాన్స్ బకాయి ఉన్నాయేమో చూశాను. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలని చట్టం. అందుకని ఫారం 29, 30 సంతకాలు పడ్డ రోజే డబ్బు ఇచ్చాను.

సొంత బండికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు. తర్వాత తనిఖీలో నెగ్గితే ఐదేసి ఏళ్లు పొడిగిస్తారు. కారు, జీపు లాంటి వాటికి 2022 ఏప్రిల్ 1 వరకు 600 ఉన్న ఈ ఫీజు ఆ రోజు నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటితే నెలకు 500 అదనం. రెండేళ్లు ఊరికే వదిలేస్తే అదే 12,000. ఆర్.సి. గడువు ఎప్పుడో తీరిపోయిన జీపులు చవకగా కనిపించడానికి సగం కారణం ఇదే.

ప్రభుత్వ శాఖల జీపులను వేలంలో పాడుకుందామన్న ఆలోచన ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించరు. అవి తుక్కుకు పోవాల్సిందే.

ఇక బీమా. 1,500 సీసీ దాటిన సొంత కార్లకు 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం 7,897. జీఎస్టీ కలిపితే 9,318. పది వేల రిజిస్ట్రేషన్ ఫీజును ఐదేళ్లకు పంచితే ఏడాదికి 2,000. రెండూ కలిపి ఏడాదికి 11,318. గ్రీన్ ట్యాక్సు, యజమాని ప్రమాద బీమా, ఆరు నెలలకోసారి పొల్యూషన్ సర్టిఫికెట్టు దీనికి అదనం. అంటే చక్రం తిరక్కపోయినా నెలకు వెయ్యి రూపాయలు తప్పవు. పాత బండి కొనేవాళ్లు ముందుగా ఈ వెయ్యి తమ నెల బడ్జెట్లో పడుతుందో లేదో చూసుకోవాలి.

థర్డ్ పార్టీ బీమా లేకుండా ఒక్క రోజు కూడా రోడ్డెక్కకూడదు. జరిమానా మొదటిసారి 2,000తో పోతుంది. కానీ ఎవరికైనా తగిలి, ప్రాణం పోతే, ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం యజమాని పొలం, ఇల్లు అమ్మి కట్టాల్సి రావచ్చు. పాత జీపు మీద సరదా మన పిల్లల ఆస్తికి చేటు తేకూడదు.

విప్పితే బిగించాలి

చాలా షెడ్లలో సగం విప్పిన బండ్లు ఉంటాయి. బాడీ ఒకచోట, ఇంజను ఒకచోట, నట్లు పాత పెయింటు డబ్బాల్లో. మొదలుపెట్టినప్పుడు ఉన్న డబ్బు టింకరింగుకే అయిపోయి, మిగతాది ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఈలోగా టైర్లు పగులుతాయి, బ్యాటరీ చస్తుంది, రిజిస్ట్రేషన్ గడువు దాటుతుంది. విప్పిన బండి మీద ఆలస్యం కూడా ఖర్చే.

అందుకే ఒకసారి ఒక్క విభాగమే ముట్టుకుంటాను. సామాను ముందు కొని ఇంట్లో పెట్టుకున్నాకే పానా పట్టుకుంటాను. వరుస కూడా మొదటే రాసిపెట్టుకున్నాను. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు, వైరింగు. తర్వాత చాసిస్, కమాన్ కట్టలు. ఆ తర్వాత ఇంజను, రేడియేటరు. సీట్లు, టాపు, రంగు అన్నిటికన్నా ఆఖర్న. మొదటి వరుసను నేను రోడ్డు ఖర్చు అంటాను. ఆఖరిది రంగు ఖర్చు. రోడ్డు ఖర్చు పూర్తయ్యేదాకా రంగు ఖర్చుకు రూపాయి తీయను.

ఈ మాట నాకు పట్టుబడింది గోకవరం వైపు నుంచి వచ్చే మేస్త్రి దగ్గర. మా జీపుకు మంచి రంగు వేయిద్దామని ఇంట్లోవాళ్లు అడిగితే ఆయన, “రంగు ఎప్పుడన్నా కొట్టించుకోవచ్చండీ ఆయ్. బ్రేకు మాత్రం ఇవాళే చూడాలండీ” అన్నాడు.

ఆ రోజే నాలుగు డ్రమ్ములూ ఊడదీశాం. వీల్ సిలిండర్ రెండు చివర్లా రబ్బరు టోపీ ఉంటుంది. సన్న స్క్రూడ్రైవరుతో దాని అంచు ఎత్తి చూస్తే లోపల పొడిగా ఉండాలి. వెనక ఎడమ చక్రానికి ఎత్తగానే నల్లటి తడి కనిపించింది. బ్రేకు ఆయిలు కారి లైనింగు దాకా పాకింది. పెడల్ తొక్కితే బండి ఆగుతూనే ఉంది కాబట్టి బయటికి ఏ అనుమానమూ రాదు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేడెక్కాక ఆ చక్రం పట్టు వదిలేస్తే సంగతేమిటి? సిలిండర్లు, లైనింగులు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాం. డ్రమ్ములు లేత్ మీద సాపు చేయించాం. మా ఆవిడ పెడల్ తొక్కి పట్టుకుంటే నేను ఒక్కో చక్రం దగ్గర గాలి తీశాను.

తుప్పుకూ ఇలాంటి పరీక్షే. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట డొల్లగా మోగుతుంది. అక్కడ మీద లప్పం పూసి రంగు వేస్తే కంటికి కనిపించదు, ఇనుము మాత్రం లోపల కరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట కోసి, కొత్త ప్లేటు వెల్డింగు పెట్టించాలి. ఆ పని తెలిసిన వెల్డరుకే ఇచ్చాను.

ఏది ఇంట్లో చేయాలి, ఏది బయట ఇవ్వాలి అన్నదీ డబ్బు లెక్కే. విప్పడం, కడగడం, తుప్పు గీకడం, ప్రైమరు, గ్రీజు, ఫిల్టర్లు, వైర్లు నా పని. లేత్, చాసిస్ వెల్డింగు, డీజిల్ పంపు కాలిబ్రేషన్, వీల్ అలైన్‌మెంట్ బయటి పని. బ్రేకు, స్టీరింగు పని నేను చేసినా మేస్త్రి ఇంకోసారి చూడకుండా రోడ్డెక్కను. ఆయన కూలి జీపు ఖర్చులో నాకు అస్సలు బరువనిపించదు. పనిముట్లలో మొదట కొన్నవి నాలుగు గట్టి స్టాండ్లు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు.

మార్చకూడనివి

జీపు చూస్తే మార్పులు చేయాలనిపించడం సహజం. హర్యానాలోని మండీ డబ్వాలీకి ఆర్డరు మీద జీపులు కట్టే ఊరని దేశమంతటా పేరుంది. ఎక్కడ కట్టినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకటే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. వేరే ఇంజను, పొడిగించిన చాసిస్, బయటికి పొడుచుకొచ్చే టైర్ల మీద పెట్టిన డబ్బు రెండుసార్లు పోతుంది. రిజిస్ట్రేషన్ పొడిగింపు దగ్గర ఒకసారి, బీమా క్లెయిము దగ్గర మరోసారి. కంపెనీ ఇచ్చిన 6.00-16 సైజు టైర్లే వేయించాను.

సమగ్ర బీమా విషయం కూడా ఆలోచించాను. ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీకీ మనకూ కుదిరిన మాట మీద నడుస్తుంది. పదేళ్లు దాటితే క్లెయిములో ఇనుప భాగాలకు సగం తరుగు కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లకూ సగమే. అందుకే అది తీసుకోకుండా, ఆ ప్రీమియం తేడాను జీపు ఖాతాలోనే వేసుకుంటున్నాను. బిల్లులు, పని చేసిన ఫొటోలు ఒక ఫైల్లో పెడుతున్నాను. అమ్మాల్సి వస్తే ఆ ఫైలే ధర మాట్లాడుతుంది.

ఇది పెట్టుబడి కాదు

పాత జీపుల ధర పెరుగుతోంది కాబట్టి లాభమేనని చాలామంది అంటారు. నేను ఆ లెక్క వేసుకోలేదు. పెట్టిన ప్రతి రూపాయీ తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. వింటేజ్ హోదా మీద ఆశ పెట్టుకోవడమూ తొందరే. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం బండికి 50 ఏళ్లు నిండాలి, అసలు రూపు చెడకూడదు, మామూలు రాకపోకలకు వాడకూడదు. నా జీపుకు ఆ వయసు 2046లో వస్తుంది.

తుక్కుకు ఇస్తే ఏమొస్తుందో కూడా చూశాను. కేంద్రం తుక్కు విధానం చెప్పే విలువ కొత్త బండి ఎక్స్-షోరూమ్ ధరలో సుమారు 4 నుంచి 6 శాతం. కొత్త సొంత బండి కొంటే రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ. చాసిస్ చచ్చిపోయిన బండికి ఇదే సరైన దారి, అలాంటి బండి మీద మమకారంతో డబ్బు పోయడం తగదు. నా బండి చాసిస్ బతికే ఉంది కాబట్టి ఉంచుకున్నాను. దీని మీద పెట్టేది నాకు ఇష్టమైన పని మీద పెడుతున్న ఖర్చు. ఆ ఖర్చు ఇంట్లో ఎవరి అవసరానికీ అడ్డం రాకూడదన్నదే నా షరతు.

ఫాల్గుణంలో మా కోరుకొండ నరసింహస్వామి కల్యాణానికి కొండ కిందంతా జనమే. ఆ జనం మధ్యలోంచి పాత బండి నడిపేవాడికి రంగు మెరుపుతో పనిలేదు, తొక్కిన చోట ఆగే బ్రేకు కావాలి.

పాత బండి కొనాలనుకుంటే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఆర్.సి.లో నంబరూ చాసిస్ మీద నంబరూ ఒకటేనా? కొన్నాక చేతిలో దాదాపు మూడోవంతు డబ్బు మిగులుతుందా? నెలనెలా కొంచెం కొంచెంగా, బండి నడుస్తుండగానే బాగుచేసే ఓపిక ఉందా? మూడింటికీ అవునని చెప్పగలిగితే ధైర్యంగా కొనండి. ఒక్కదానికి కాదన్నా, ఈ ఏడాదికి ఆ డబ్బు డిపాజిట్లోనే ఉంచండి.