రెండు 'న'లు

నాన్న పోయి ఏడాది. మొన్న మా ఏడేళ్ల పాప, నల్లగండ్ల ఫ్లాట్‌లో తన గది తలుపుకి పేరు బోర్డు కావాలంది. "తాత రాసినట్టే ఉండాలి."

నాన్నది గుమాస్తా ఉద్యోగం. ప్రాణమంతా అక్షరాల మీదే. 1933లో నరసాపురంలో పుట్టి, లా చదివి బొమ్మల్లోకి వచ్చేసిన బాపు నాన్నకి గురువు. నాన్న ఏకలవ్య శిష్యుడు. వారపత్రికల్లో కథల శీర్షికలు కత్తిరించి, వాటిని చూస్తూ రాసేవాడు. మా వీధిలో పెళ్లి బోర్డులన్నీ నాన్నవే. డబ్బులు అడిగేవాడు కాదు, అమ్మకి అదే కోపం. 2014 ఆగస్టు 31న చెన్నైలో బాపు పోయారని తెలిసి, ఆ రాత్రి అన్నం తినలేదు.

బాపు రాత ఇప్పుడు ఫాంటుగా దొరుకుతుంది. పాప పేరు కొట్టి ప్రింట్ తీశాను. రెండు నిమిషాల పని.

"ఇది తాతది కాదు."

"అచ్చం అలాగే ఉంది కదమ్మా?"

"రెండు 'న'లూ ఒకేలా ఉన్నాయి."

నిజమే. ఫాంటులో ఎన్నిసార్లు కొట్టినా అదే 'న'. కుంచెతో అలా కుదరదు.

చివరి రెండేళ్లు నాన్న మా దగ్గరే ఉన్నాడు. చెయ్యి వణికేది. పాప స్కూలు చార్టుల మీద తలకట్లు వంకర పోయేవి. "నేను టైప్ చేసి ప్రింట్ తీస్తాలే నాన్నా" అన్నాను ఒకరోజు. సాయం అనుకునే అన్నాను. నాన్న ఏమీ అనలేదు. కుంచె కడిగి పెట్టేశాడు. మళ్లీ తియ్యలేదు.

నిన్న వెతికి తీశాను. కడిగి పెట్టింది పెట్టినట్టే ఉంది. పాప చేతికిచ్చాను.

రెండు 'న'లూ రెండు రకాలుగా వచ్చాయి. బోర్డు తలుపుకి తగిలించాం.