పెరటి పక్షులు, నా కెమెరా

చూరునకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలను పిలుచుట తెలుగువారి పూర్వాచారము. ప్రొద్దుటూరిలో మా పెరటి పందిరికి నేను కట్టునవి జొన్నకంకులు. జమ్మలమడుగు నల్లరేగడి చేలనుండి మా మేనమామగారు పంపుదురు. పులివెందుల తోటల అరటిపండ్లు వచ్చిన దినమున ఒక ముక్కను మట్టిమూకుడులో నుంచుదును. కంకులకు పిచ్చుకలును, పండునకు పిగిలిపిట్టలును, రెంటికిని ఉడుతయు వచ్చును.

ఈ యతిథుల ఛాయాచిత్రములు తీయుటకు ధనముకంటె ఓర్పు ముఖ్యము. ఉదయపు వెలుగు పిట్టపై బడునట్లు కంకులను కట్టి, కిటికీ తెరచాటున కదలక కూర్చుండవలెను. రెక్కల యాటను నిలిపి చూపుటకు కెమెరా కన్ను సెకనులో వేయవ వంతుకంటె తక్కువ కాలము తెరచుకొనవలెను. నూరు చిత్రములలో నొకటి కుదిరినను లాభమే.

రెండేండ్ల క్రిందటి వేసవిలో మా నందివర్ధనపు పొదలో పిగిలిపిట్ట గూడు కట్టి మూడు పిల్లలను చేసెను. ఆకుల నీడవలన నా చిత్రములు మసకగా వచ్చుచుండెను. వెలుగు కొరకు నాలుగు రెమ్మలు కత్తిరించితిని. నాడు తీసిన చిత్రమును మిత్రులందరు మెచ్చిరి, నేనును పొంగితిని. మరునాటి యుదయమున కాకి గూటిపై వ్రాలియుండెను. నేను పరుగెత్తునప్పటికి గూడు శూన్యము. తల్లిపిట్ట నోట పురుగుతో కొమ్మనుండి కొమ్మకు దుముకుచుండెను. మా యమ్మ, "ఆ ఆకులే దానికి తలుపులు గదరా, నాయనా! తలుపు తీసి కాకిని పిలిస్తివే!" అనెను. నాకు బదులు తోచలేదు.

అప్పుడు మా జిల్లా కలివికోడి కథ జ్ఞప్తికి వచ్చినది. 1848లో జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు శాస్త్రలోకమునకు తెలిపిన యీ రాత్రించర పక్షి 1900 తరువాత కానరాకపోగా, నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున నొక గ్రామస్థుడు దానిని సజీవముగా పట్టెను. లోకము సంతోషించినది, ఆ పక్షి మాత్రము చెరలోనే మరణించినది. తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి దాని యడుగుజాడలను చూచిరి. తమంత తాము చిత్రములు తీయు కెమెరాలను నిలిపిరి. చేయి సోకకుండ తెలిసికొను మార్గ మది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రామచిలుకను పంజరమున నుంచుట నేడు నేరము. పంజరమును విడిచితిమని సంతసించు మన మిండ్లలో, కెమెరాయే మరియొక పంజర మగుచున్నదేమో విచారింపవలదా? చూచుట వేరు, స్వాధీనము చేసికొనుట వేరు. గూటి దరికి పోరాదు, రెమ్మ విరువరాదు, ఎగురునప్పటి చిత్రమునకై రాయి రువ్వరాదు. వేసవిలో నీటిమూకుడును నీడన నుంచి ప్రతిదినము కడుగవలెను. బూజుపట్టిన గింజలను పారవేయవలెను. ఇవి చిన్న పనులే. కాని పిల్లలు మన మాటలకంటె వీనినే చూచి నేర్చుకొందురు.

నాటి చిత్రము నాయొద్ద నిప్పటికిని కలదు, ఎవరికిని చూపను. నందివర్ధనము మరల గుబురుగా పెరిగినది. ఈ యేడును అందొక పిగిలిపిట్ట పుల్లలు చేర్చినది. లోపల గ్రుడ్లెన్ని యున్నవో నేను చూడలేదు.