ఒక్క గదికే రంగు

ఇల్లు చూడవచ్చి మెచ్చుకున్నవాడు కొనడు. నాలుగు నెలల్లో 17 కుటుంబాలకు తలుపు తీశాక నాకు అర్థమైన మొదటి సంగతి ఇది. "అబ్బ, ఏం గాలి! ఏం వెలుతురు!" అన్నవాళ్ళంతా డాబా మీద ఫొటోలు దిగి, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, అటునుంచి అటే బీచ్‌కు పోయి టొమాటో భజియాలు తిన్నారు. మళ్ళీ ఫోన్ చేసినవాడు ఒక్కడు లేడు.

మాది డుమస్. సూరత్‌కు నైరుతిగా 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారం ఊరివాళ్ళకన్నా వచ్చిపోయేవాళ్ళే ఎక్కువ. ఇలాంటి చోట ఇల్లు అమ్మకానికి పెడితే షికారుకొచ్చినవాళ్ళకు అదొక కాలక్షేపం. పైగా దయ్యాల గొడవ ఒకటి. ఒకప్పుడు ఈ తీరంలో శవాలను దహనం చేసేవారన్న మాట పట్టుకుని, దేశంలోని దయ్యాల తావుల జాబితాలన్నింటిలోకీ మా బీచ్‌ను ఎక్కించారు. ముంబై నుంచి వచ్చిన ఒక యువజంట పడకగది కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, రాత్రిళ్ళు ఏమైనా వినిపిస్తుందా అని అడిగారు. కుక్కలు అరుస్తాయని చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను 1983లో సిరిసిల్ల నుంచి మరమగ్గాల మీద పనికి సూరత్ వచ్చాను. లింబాయత్‌లో ఇరుకు గదుల్లో ఏళ్ళు గడిచాయి. మా అమ్మాయి అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడిలోనే అక్షరాలు దిద్దింది. తర్వాత దారం వ్యాపారంలో నాలుగు డబ్బులు మిగిలితే 2010లో ఈ ఇల్లు కొన్నాం. ఇప్పుడు మా ఆవిడ మోకాళ్ళు మెట్లకు ఒప్పుకోవడం లేదు. హైదరాబాద్‌లో అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఫ్లాట్ మాట్లాడుకున్నాం. దానికి డబ్బు కట్టాల్సిన గడువు ముంచుకొస్తోంది. అమ్మేవాడికి తొందర ఉందని కొనేవాడికి తెలియకూడదంటారు. నా మొహంలో అది కనిపించి ఉంటుందనే అనుకుంటున్నాను.

నిజంగా కొనేవాడు తప్పులు వెతుకుతాడు. కుళాయి తిప్పి ధార ఎంత లావుందో చూస్తాడు, తలుపు వేసి తీసి చూస్తాడు, గోడ మీద వేలితో కొట్టి చెవి పెడతాడు. సూరత్ మనిషైతే "2006లో నీళ్ళెంత వచ్చాయి?" అని తప్పకుండా అడుగుతాడు. ఆ ఏడాది ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది ఊరిని ముంచేసింది మరి. ఇల్లు 2009లో కట్టిందని చెబితే చాలామంది ఊరుకున్నారు. ఒకాయన మాత్రం "ఇల్లు సరే, నేల అప్పుడూ ఉంది కదా?" అన్నాడు. ఆయన్ను పక్కింటి ముసలాయన దగ్గరికి పంపాను. అలాంటి ప్రశ్న వేసే మనిషికి అమ్మాలని కోరిక పుడుతుంది.

మాటల్లో వచ్చే మార్పు ఇంకా పెద్ద గుర్తు. "మీ వంటగది చిన్నది" అన్న ఇల్లాలే కాసేపటికి చేతులు బారచాపి "ఫ్రిజ్ ఇక్కడ పెడితే తలుపు తగులుతుంది" అంటే ఆమె మనసులో సామాను అప్పుడే దిగిపోయినట్టు. మా దలాల్ లెక్క వేరు. "నిలబడి చూసేవాడు చూసి పోతాడు కాకా. కూర్చున్నవాడితో బేరం మొదలెట్టు" అంటాడు. తెల్లలో ఎంత, నల్లలో ఎంత అని అడిగితే ఇక ఖాయమేనట! 2023 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం భూముల జంత్రీ (సర్కారు విలువ) రేట్లు రెట్టింపు చేసింది. ఆ ప్రశ్న మాత్రం చావలేదు.

ఇంటిలోకే రాని మనిషి కూడా ఒకడు వచ్చాడు. గేటు దగ్గర నిలబడి రోడ్డు వెడల్పు, స్థలం కొలత అడిగి, మేడ వైపు కన్నెత్తయినా చూడకుండా ధర చెప్పేశాడు. 2023 డిసెంబర్ 17న మాకు దగ్గర్లోని ఖజోద్‌లో డైమండ్ బోర్స్‌ను, అదే రోజు డుమస్ రోడ్డులోని విమానాశ్రయంలో కొత్త టెర్మినల్‌ను ప్రారంభించినప్పటి నుంచి ఇలాంటివాళ్ళు పెరిగారు. వాళ్ళకు నా ఇల్లు కూల్చాల్సిన ఖర్చు కింద లెక్క. నాకు తెలియనిదేదో ఆయనకు తెలుసనిపించి, ధర తక్కువ కాకపోయినా ఒప్పుకోలేదు. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

నిజానికి ఆయనకు తెలియనిది నాకూ ఒకటి తెలుసు.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీట్‌లోకి మెల్లగా దిగుతుంది. లోపలి ఇనుప చువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక చుట్టూ ఉన్న కాంక్రీట్‌ను పగలగొడుతుంది. మా వెనక గది స్లాబులో జరిగింది అదే. నిరుడు ఓ రాత్రి అరచేయంత పెచ్చు మంచం పక్కన రాలిపడింది. అమ్మకానికి పెట్టేముందు మేస్త్రీని పిలిచి పైపైన పూయించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికి దొరకని లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి. ఆ సంగతి దస్తావేజు రాసే వకీలు చెప్పాడు. నేను తలూపి వచ్చాను. పాత కార్ల బేరాల మీద 1970లో వ్యాసం రాసి, 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న జార్జ్ అకెర్లోఫ్ గురించి మా అల్లుడు చెబుతుంటాడు. లోపం అమ్మేవాడికే తెలిసే సరుకులో కొనేవాడు అందరినీ అనుమానించి ధర తగ్గిస్తాడట. ఎలాగూ అనుమానిస్తారు కదా, నేనొక్కణ్ణి చెప్పి బాగుపడేదేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పదిహేడో కుటుంబం లింబాయత్ నుంచి వచ్చింది. మావాళ్ళే, పద్మశాలీలు. కొడుకు చీరల వ్యాపారి. కోడలు, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. నా కళ్ళన్నీ కొడుకు మీదే. అతను టేపు తెచ్చుకున్నాడు, ఫ్యూజు పెట్టె తెరిచాడు, మెట్లు లెక్కపెట్టాడు. కోడలు ఫ్రిజ్ చోటు చూసింది. తల్లికి కుర్చీ వేసి ఆమె సంగతి మరిచిపోయాను.

కాసేపటికి వెనక గదిలోంచి గొంతు వినిపించింది. "ఇల్లంత ఇడిసిపెట్టి గీ ఒక్క అర్రకే రంగేసిన్రు, ఎందుకు తమ్మీ?"

"వానకు జర చెమ్మొచ్చిందక్కా" అన్నాను.

"చెమ్మొస్తే గోడకేస్తరు గని, స్లాబుకేస్తరా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంకేమీ అడగకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చున్నవాళ్ళు కొంటారన్న దలాల్ మాట గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నాను. ధర కుదిరింది. బయానా శుక్రవారం ఇస్తామన్నారు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ "ఆ పిల్లలు ఏ గదిలో పండుతరో" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

గురువారం పొద్దున ఆ అబ్బాయికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. పెచ్చు రాలింది, చువ్వలకు తుప్పు పట్టింది, మేస్త్రీతో కప్పించాను అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. బేరం పోయిందనుకున్నాను.

"అమ్మ ఆ దినమే చెప్పింది కాకా" అన్నాడు. కాకా అన్న పిలుపు సిరిసిల్లలోనూ సూరత్‌లోనూ ఒకటే. "ఆయన చెప్తడో లేదో చూద్దాం, శుక్రారం దాక ఆగుమన్నది."

మధ్యాహ్నానికల్లా మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టగానే నేను వేయించిన రంగుతో సహా పెద్ద పలక ఊడిపడింది. ఎర్రగా తుప్పెక్కిన చువ్వలు కనిపించాయి. నేను తల ఎత్తలేదు. కొడుకు 3 లక్షలు తగ్గించమన్నాడు. రెండున్నరకు తెగింది. హైదరాబాద్ ఫ్లాట్‌కు ఆ మేరకు తక్కువపడితే అమ్మాయి సర్దింది.

దస్తావేజు రోజున రిజిస్ట్రార్ ఆఫీసు బల్ల మీద ఆ పెద్దావిడ నా పక్కనే కూర్చుంది. ఎవరే గది తీసుకుంటున్నారని అడిగాను. వెనక గది తనదేనంది. తుప్పు గీకించి, కొత్త చువ్వలు కట్టించి, స్లాబు మళ్ళీ పోయిస్తారట.

"ఇగ ఇల్లంతట్ల గట్టిగుండేది గా అర్రనే గద తమ్మీ" అంది.