తోడుకి కాస్త ఉంచుకోండి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. ఇంటర్‌లో సి.ఇ.సి., అది అవగానే పెళ్లి. అప్పటినుంచీ తెనాలిలో ఈ ఇల్లే నా లోకం. అలాంటిదాన్ని వైఫై రౌటర్ గురించి రాస్తున్నానంటే మీకు నవ్వొస్తుందేమో. నవ్వండి, ఫర్వాలేదు. కానీ చివరిదాకా చదవండి. ఎందుకంటే ఆ డబ్బాను పాడు చేసింది నేనే, బాగు చేసిందీ నేనే. మధ్యలో మాటలు పడ్డది మాత్రం మా అబ్బాయి.

వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. క్రితం ఏడాది సెలవులకి వచ్చినప్పుడు మా పాత రౌటర్లో కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ తీసేసి వేరేది వేశాడు. ఫర్మ్‌వేర్ అంటే డబ్బా లోపల కూర్చుని దాని చేత పని చేయించే ప్రోగ్రాం అన్నమాట. "కంపెనీ వాళ్లు ఈ మోడల్‌ని పట్టించుకోవడం మానేశారమ్మా. గడియ పడని తలుపులాగా ఉంది. డబ్బా మాత్రం గట్టిదే, పారేయడం ఎందుకు?" అన్నాడు. వాడు వేసినదాని పేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. డబ్బు కట్టక్కర్లేదట. లింక్‌సిస్ వారి డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌లో లినక్స్ వాడారు కాబట్టి, ఆ షరతుల ప్రకారం దాని ప్రోగ్రాం రాతను 2003లో బయటపెట్టాల్సి వచ్చిందట. దాన్ని పట్టుకుని 2004లో కొందరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఆ పేరులోని అక్షరాలు అక్కడివే.

ఏడాదిపాటు ఏ గొడవా లేదు. మొన్న సంక్రాంతికి వచ్చి, సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడనగా, "కొత్త వెర్షన్ వచ్చిందమ్మా, ఎక్కించి వెళ్తా" అని లాప్‌టాప్‌లో ఏదో నొక్కి స్నానానికి వెళ్లాడు. వాడి చొక్కా ఇస్త్రీ చేద్దామని నేను హాల్లోకి వచ్చాను. ప్లగ్గు ఖాళీ లేదు. రౌటర్ ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టె పెట్టాను.

అంతే. మళ్లీ పెడితే ఒక్క లైటు వెలుగుతుందే తప్ప వైఫై లేదు. వాడు తల తుడుచుకుంటూ వచ్చి ప్లగ్గు వైపు చూశాడు, ఇస్త్రీపెట్టె వైపు చూశాడు. ఏమీ అనలేదు. రైలుకి టైమైంది, వెళ్లిపోయాడు.

రాత్రి మావారు కొట్టు కట్టేసి వచ్చారు. 20వ తారీఖులోపు జి.ఎస్.టి. రిటర్ను వేయాలి. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ వరండాలో తప్ప అందదు. వైఫై లేదనేసరికి ఫోన్ తీసి వాడిని కడిగేశారు. "బాగున్నదాన్ని కెలికి పాడు చేశావు. నీ కోతి చేష్టలకి రెండున్నర వేలు తగలెయ్యాలి. ఇక ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోకు." అవతల వాడు నా పేరు ఎత్తలేదు. ఇవతల నేనూ నోరు మెదపలేదు. ఆయన కోపానికి జడిశానంటే మీలో కొందరికైనా అర్థమవుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆయన కొట్టుకి వెళ్లగానే వాడికి ఫోన్ చేశాను. "పోనీలేమ్మా, తెలియక చేశావు" అన్నాడు. "అది సరే, బాగు చేసే దారుంటే చెప్పు" అన్నాను. "లైటు వెలుగుతోందా? అయితే పూర్తిగా చావలేదు. అన్నిటికన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రాం వేరే చోట ఉంటుంది. దాన్ని లేపి ఫైలు అందిస్తే చాలు" అన్నాడు.

ముందు డబ్బా తిరగేసి అడుగున చీటీ చదవమన్నాడు. మోడల్ ఒకటే అయినా వెర్షన్ అంకె వేరైతే లోపలి సరుకు వేరట, ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదట. కళ్లజోడు పెట్టుకుని చదివి చెప్పాను. దానికి తగ్గ ఫైలు మెయిల్లో పంపాడు. వరండాలో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్‌తో దించుకున్నాను. తర్వాత వైరు ఒక కొస లాప్‌టాప్‌కి, ఇంకో కొస రౌటర్ వెనక లాన్ అని రాసి ఉన్న కన్నానికి పెట్టాలి. రంగు వేరుగా ఉన్న కన్నంలో పెట్టకూడదు. లాప్‌టాప్‌కి మన చేత్తో 192.168.0.66 అనే అడ్రసు ఇవ్వాలి. ఇది మా మోడల్‌కి, మీదానికి వేరే ఉండొచ్చు. టి.ఎఫ్.టి.పి. అనే చిన్న ప్రోగ్రాం తెరిచి ఉంచి, రీసెట్ కన్నంలో పిన్నీసు గుచ్చి పట్టుకుని, అలాగే స్విచ్ వేయాలి. డబ్బాయే వచ్చి ఫైలు అడుగుతుంది.

మొదటిసారి అడగలేదు. లాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్ అడ్డుపడిందట. కాసేపు ఆపాను. రెండోసారి అడిగింది, తీసుకోలేదు. మూడోసారీ అంతే. పొయ్యి మీద పప్పు మాడింది. చూస్తే తేలిందేమిటంటే, ఫైలు పేరులో చివరనుండే తోకను లాప్‌టాప్ దాచిపెడుతుంది. అది లేదనుకుని నేను మళ్లీ రాశాను. అంటే రెండు తోకలయ్యాయి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ డబ్బా ముట్టదు. పేరు సరిచేసి మళ్లీ పిన్నీసు గుచ్చాను. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ఆరి, మళ్లీ మెల్లగా వెలిగాయి. నా ప్రాణం లేచొచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదండీ. లైట్లొచ్చాయి గానీ వైఫై పేరు కనపడదు. కంగారు పడక్కర్లేదు, కొత్తగా ఎక్కించాక మా డబ్బాలో వైఫై ఆపేసి ఉంటుంది, మనమే వేసుకోవాలి. లాప్‌టాప్‌కి ఇచ్చిన ఆ అడ్రసు తీసేసి, వైరు మీదే 192.168.1.1 తెరిచి, ముందుగా ఒక పాస్‌వర్డ్ పెట్టి, దేశం ఇండియా అని ఎంచి, వైఫై వేశాను. ఫోన్లో పేరు కనపడింది, కలిసింది. ఇంటర్నెట్ మాత్రం రాదు.

వాడికి క్లాసు టైము. చెప్పే దిక్కు లేదు. ఊరికే కూర్చోలేక, కేబుల్ వాళ్లు గోడకి బిగించిన ఫైబర్ డబ్బా చీటీ కూడా చదివాను. దాని మీదా 192.168.1.1 అనే ఉంది! ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నంబరుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? వాడు ఏడాది కిందటే ఆ నంబరు మార్చి ఉంటాడు, అదంతా తుడిచిపెట్టుకుపోయింది. మా రౌటర్ నంబరు 192.168.2.1 చేశాను. ఇందులో ఒక మంచి ఏర్పాటుంది. మార్చాక ఒకటిన్నర నిమిషం లోపల కొత్త నంబరు మీద మనం పలకకపోతే, అదే పాతదానికి వెళ్లిపోతుంది. గబగబా వైరు తీసి పెట్టి కొత్త నంబరు తెరిచాను. ఫోన్ టింగుమంది. వరసగా వాట్సాప్ మెసేజీలు. ఏడుపొచ్చింది, నిజం.

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటి పనులు పెట్టుకుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. రౌటర్ మెమరీ బొత్తిగా తక్కువైతే, 4 ఎం.బి. ఫ్లాష్, 32 ఎం.బి. ర్యామ్ ఉన్న పాతవి, వాటి జోలికి వెళ్లకండి. ఫర్మ్‌వేర్ మార్చేముందు సెట్టింగుల బ్యాకప్ ఫైలు దించుకుని, ఇంటర్నెట్ వాళ్లిచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. కంపెనీది తీసి మొదటిసారి వేసే ఫైలు పేరులో ఫ్యాక్టరీ అని, తర్వాత కొత్త వెర్షన్‌కి మార్చే ఫైలు పేరులో సిస్‌అప్‌గ్రేడ్ అని ఉంటుంది. రెండూ ఒకటి కాదు. ఎక్కుతున్నంతసేపూ ప్లగ్గు మీద 'ముట్టుకోకూడదు' అని కాగితం అంటించండి. అది నాలాంటి వాళ్ల కోసం.

పెరుగెంత బాగున్నా గిన్నె ఊడ్చి తినేయం కదా. రేపటి తోడుకి ఓ చెంచాడు తీసి ఉంచుతాం. ఇదీ అంతే. కొత్తది చేసేముందు, చెడితే మళ్లీ మొదలెట్టడానికి కాస్త దాచి ఉంచుకోవాలి.

సాయంత్రం మావారు లాప్‌టాప్ తెరిచి, "ఎవరిని పిలిచావు? ఎంత తీసుకున్నాడు?" అన్నారు. "ఎవరినీ పిలవలేదు. వాడు చెప్పాడు, నేను చేశాను. మీకు ఇంకోటి చెప్పాలి. ఆ రోజు ప్లగ్గు పీకింది నేను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నా గుండె దడదడలాడుతూనే ఉంది. తర్వాత ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. "ఏరా, అన్నం తిన్నావా?" అనడం వినపడింది.

ఇల్లంతా వైఫై ఉందని ఆయనకి గుర్తులేదు. నేనూ చెప్పలేదు.